మెట్లెన్నో ముందే చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో చలికాలంలో అరకు, లంబసింగి వెళ్లి టెంట్లలో ఉండి రావడం గురించి రెండు పేజీలు వేశారు. వలిసె పూల మధ్య పిల్లలు పరిగెడుతున్న ఫొటో మా అమ్మాయికి చూపించాను. ఎడమ చెయ్యి పైకెత్తింది. తనకు మాటలు రావు. చెయ్యెత్తిందంటే నచ్చిందని, కావాలని. పుట్టినప్పటి నుంచి సెరెబ్రల్ పాల్సీ. నడవలేదు, ఆసరా లేకుండా కూర్చోలేదు. పదకొండేళ్లు నిండాయి, బరువు 24 కిలోలు.

టెంటుకి ఎంత తీసుకుంటారో, బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుందో, వంజంగి కొండ మీద మబ్బులు చూడాలంటే ఎన్నింటికి లేవాలో అన్నీ రాశారు. చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చేవాళ్లకు మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. మీ విలేకరిని తప్పు పట్టడం లేదు. ఇలాంటి పిల్లలు కూడా కొండల్లో టెంటు వేసుకుని పడుకుంటారని చాలామందికి తట్టదు. మేం పడుకున్నాం. అందుకే రాస్తున్నాను.

మాది అనకాపల్లి. నేను ఇంట్లో బట్టలు కుడతాను, మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టర్. రెండేళ్ల కిందట మొదటిసారి ఆ కొండల్లోనే ఒక క్యాంపులో టెంటు బుక్ చేసుకున్నాం. పేరు రాయను. మెట్లున్నాయా అని ఫోన్‌లో మూడుసార్లు అడిగాను. "రెండో మూడో ఉంటాయి మేడం, మా కుర్రాళ్లు పట్టుకుంటారు, టెన్షన్ పడకండి" అన్నాడు. వెళ్లి చూస్తే కారు ఆగిన చోటు నుంచి టెంట్ల దగ్గరికి రాళ్లు పేర్చిన మెట్లు, కిందికి ముప్పై ఒకటి. మా ఆయన పాపని భుజాన వేసుకున్నారు, నేను కుర్చీ మడిచి మోసుకుంటూ దిగాను.

సరే, దిగాం. బాత్రూం శుభ్రంగానే ఉంది, కమోడ్ కూడా ఉంది. కుర్చీ లోపలికి పోలేదు. నా బ్యాగులో ఎప్పుడూ టేపు ఉంటుంది. తలుపు కొలిస్తే 22 అంగుళాలు, మా కుర్చీ 25. దానికి తోడు జానెడు గడప. పాపని పడుకోబెట్టి డైపర్ మార్చడానికి లోపల జాగా లేదు. మళ్లీ ఆ ముప్పై ఒక్క మెట్లూ ఎక్కి, కారు వెనక సీట్లో, చిన్న టార్చి నోట కరుచుకుని మార్చాను. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి. పొద్దున అక్కడ అన్నీ చూసుకునే ఆయన, మాకు మేలు చేస్తున్నాననే అనుకుని, "పాపని టెంట్లో పడుకోబెట్టి మీరిద్దరూ వ్యూ పాయింట్ చూసి రండమ్మా" అన్నాడు. ఎవరి కోసం అంత దూరం వచ్చామో ఆ పిల్లనే వదిలేసి రమ్మన్నాడు. ఘాట్ రోడ్డు దిగి శృంగవరపుకోట వచ్చేదాకా నేను మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదు, గొంతు పెగల్లేదంతే.

ఇంక వద్దనుకున్నాం. కానీ పోయినేడు నవంబరులో తెలిసినవాళ్ల ద్వారా అరకు దగ్గర ఒక గిరిజన రైతు కుటుంబంతో మాట్లాడి, కోత అయిపోయిన వాళ్ల వరి మడిలో సొంత టెంటు వేసుకున్నాం. రోడ్డు పక్కనే, చదును నేల. ఆ ఇంటావిడ టెంటు కింద వరిగడ్డి జానెడు మందాన పరిచింది. దాని మీద టార్పాలిన్, ఆపైన మా బొంతలు. చలికి మా అమ్మాయి కండరాలు బిగుసుకుపోతాయి, కాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి పడతాయి. అందుకని ఊక నింపి పొడుగాటి దిండ్లు నాలుగు కుట్టుకెళ్లాను. ఒకటి మోకాళ్ల మధ్య, ఒకటి వీపు వెనక, రెండు పక్కలకి. కాళ్ల దగ్గర వేడినీళ్ల సంచి, ఒళ్లు కాలకుండా తువ్వాలు చుట్టి. ఫిట్స్ మందు రెండు సీసాలు, ఒకటి నా బ్యాగులో, ఒకటి కారులో. మందు వేళ తప్పినా, నిద్ర చాలకపోయినా తనకు ఫిట్స్ వస్తాయి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చీకటి పడకముందే చూసి పెట్టుకున్నాం. టెంటు పక్కనే నాలుగు కర్రలకు పాత చీరలు కట్టి లోపల మడత మంచం వేశాం. అదే మా బాత్రూం. ఏ ఇబ్బందీ కాలేదు.

ఇంటి దగ్గర తను చాప మీద ఉంటే మేమంతా పైనుంచి చూస్తాం, పైనుంచే మాట్లాడతాం. ఆ చిన్న టెంట్లో ఎవరూ నిలబడలేరు. మా ఆయన, నేను, మా చిన్నోడు, ముగ్గురం నేల మీదే. మా మొహాలన్నీ తన మొహం పక్కనే. వాడు అక్క పక్కన బోర్లా పడుకుని టార్చి ముందు వేళ్లతో కుక్కని, కుందేలుని చేసి చూపించాడు. కాసేపటికి కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు వచ్చింది. మా ఊళ్లోనూ రైళ్లు పోతూనే ఉంటాయి, వచ్చిందీ పోయిందీ తెలియకుండా. అక్కడ కొండల మధ్య ఆ చప్పుడు ఎక్కడో సన్నగా మొదలై, పెద్దదై, మళ్లీ సన్నబడుతూ ఎంతకీ అయిపోదు. తను ఊపిరి బిగబట్టి వింది. చివరి చప్పుడు కూడా పోయాక ఎడమ చెయ్యి ఎత్తింది. మళ్లీ కావాలని. తొమ్మిదిన్నరకి ఇంకో బండి వచ్చింది. అది పోయాక చెయ్యెత్తి, ఆ చెయ్యి అలా తమ్ముడి మీద వేసి నిద్రపోయింది.

ఇవన్నీ చెప్తే ఎవరైనా అనే మాట ఒకటే, "ఎత్తుకుంటే పోయె కదా" అని. బొర్రా గుహల మెట్ల దగ్గర అదే మాట, అద్దాల రైలు ఎక్కే దగ్గర అదే మాట. అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకున్నాం. ఇప్పుడు 24 కిలోలు. నాకు ఏడాదిగా నడుం నొప్పి. మా ఆయన భుజం కూడా ముందులా లేదు. ఇంకో రెండు మూడేళ్లలో పిల్ల పెద్దమనిషి అవుతుంది. అప్పుడు ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతామంటే నేను ఒప్పుకోను. తనకీ ఇష్టం ఉండదు. ఇప్పుడే కొత్తవాళ్లు ముట్టుకుంటే ఒళ్లంతా బిగించేస్తుంది. ఎత్తుకోవడం ఒక్కటే దారి అయితే మా అమ్మాయికి కొండలు ఇంకో రెండేళ్లే.

ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో తల్లిదండ్రుల మీటింగులో ఒక విషయం తెలిసింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో, దివ్యాంగులు స్కౌటింగు, ఆరుబయట క్యాంపులు, సాహస కార్యక్రమాల్లో పాల్గొనేలా ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు చూడాలని ఉందట. క్యాంపులన్న మాట కూడా చట్టంలో ఉందంటే నమ్మలేక మళ్లీ చదివించుకున్నాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, అందరికీ అందుబాటులో ఉండే ఏర్పాట్లు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉండకూడదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తయారు చెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ నియమాలు టెంట్ల దాకా రావాలి.

వంజంగి కొండ మీదికి రోడ్డు వెయ్యమని నేను అడగడం లేదు. ప్రతి క్యాంపులో కారు ఆగే చోటుకు దగ్గరగా, మెట్లు లేని దారిలో ఒక్క టెంటు పెట్టండి. ఒక్క బాత్రూంకి గడప తీసేసి మూడడుగుల తలుపు పెట్టండి, లోపల నడుం ఎత్తున మనిషి పడుకునేంత బల్ల. ఇద్దరు మేస్త్రీలకు వారం పని అంటారు మా ఆయన. అది కట్టేలోగా, ఈరోజే చెయ్యగలిగింది ఒకటుంది. మాలాంటివాళ్లు ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముప్పై ఒక్క మెట్లుంటే ముప్పై ఒకటి అనండి. మేం మానుకుంటాం, లేదంటే ఇంకో ఇద్దరిని తోడు తెచ్చుకుంటాం. చలికీ, కొండకీ సిద్ధపడే బయల్దేరతాం. "రెండో మూడో" అన్న మాటకి ఎలా సిద్ధపడాలి?

సంపాదకులు గారూ, మళ్లీ ఇలాంటి కథనం వేసేటప్పుడు ఒక్కో క్యాంపు అద్దె కింద ఇంకో లైను చేర్పించండి. మెట్లు ఎన్ని, బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలు. వాళ్లు చెప్పింది రాసుకోకుండా కొలిచి రాయాలి. సంక్రాంతి సెలవుల్లో మేం మళ్లీ ఆ మడికే వెళ్తున్నాం. మీ విలేకరి వస్తానంటే ఆ చుట్టుపక్కల క్యాంపులన్నీ ఒక రోజంతా తిరిగి కొలవడానికి నేను సిద్ధం. టేపు నా దగ్గరుంది.

– ఒక తల్లి, అనకాపల్లి