పెట్టె చేరింది

విజయవాడ, సత్యనారాయణపురం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అనూరాధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరమూ క్షేమమే. నీ క్షేమం నీ నోట విని ఇరవై రెండు రోజులైంది. "పనిలో ఉన్నాను, తరవాత చేస్తాను" అని ఫోనులో వచ్చే ముక్కను మీ అమ్మ క్షేమ సమాచారం కింద జమ కట్టడం లేదు.

నీవు పంపిన పెట్టె మొన్న మంగళవారం మధ్యాహ్నం చేరింది. కొరియరు కుర్రాడు దానిని బియ్యం బస్తా దించినట్టు గుమ్మంలో దించబోతుంటే మీ అమ్మ కేక వేసి ఆపి, రెండు చేతులతో అందుకుని లోపలికి తెచ్చింది. యుద్ధ ట్యాంకుల ప్లాస్టిక్ బొమ్మలు పూర్తయినవి నాలుగు, సగంలో ఉన్నవి మూడు, చేతి డ్రిల్లు, బ్లేడ్లు, రంగు సీసాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఉత్తరం మాత్రం లేదు. చుట్టిన కాగితాలన్నీ విప్పి రెండుసార్లు చూశాం. ఎందుకు పంపించావని నేను అడగడం లేదు. ఇల్లు నీది, అటక నీది. పూనాలో ఆ గది ఇరుకని నీవే అన్నావు, అందుకని పంపి ఉంటావు. అంతే కదా?

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. సగంలో ఉన్న మూడింటిలో మన సైన్యం వాడిన రష్యా ట్యాంకు టి-55ను నా బల్ల మీదికి తెచ్చుకున్నాను. దాని కింద నీ దస్తూరీతో ఉన్న చీటీ దొరికింది. చేయవలసిన పనులు వరుసగా వ్రాసుకున్నావు. టరెట్ (ఫిరంగి ఉండి తిరిగే పై భాగం) చుట్టూ చేతి కడ్డీలు, ఫిరంగి గొట్టానికి రంధ్రం, పల్చటి మడ్‌గార్డులు, వెనక దుంగ, టార్పాలిన్ అని అయిదూ వ్రాసి, ఆరవది "కమాండరు మూతకు" అని మొదలుపెట్టి ఆపేశావు. ఎవరో తలుపు కొట్టి ఉంటారు, లేదా పాలు పొంగి ఉంటాయి. ఆ వాక్యం పూర్తి చేయడానికి తరవాత ఎందుకు కుదరలేదో ఊహించడం నా పని కాదు కనుక, మొదటి అయిదు పనులూ ఎంతవరకు వచ్చాయో చెబుతాను.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీటిపారుదల శాఖలో నక్షాలు గీసినవాణ్ణి, స్కేలు గురించి నాకు ఒకరు చెప్పనక్కర లేదనుకునేవాణ్ణి. 72వ వంతు అంటే ఏమిటో ఈ వారంలో తెలిసివచ్చింది. ఫిరంగి గొట్టాన్ని వదిలేస్తే ఆరున్నర మీటర్లకు కాస్త తక్కువైన బండి, నా అరచేతిలో తొమ్మిది సెంటీమీటర్లుగా కూర్చుంది. ఆ లెక్కన కిట్‌లో వచ్చిన మడ్‌గార్డు అంచు ఒక మిల్లీమీటరు మందం ఉందంటే, అసలు బండి మీద అది ఏడు సెంటీమీటర్ల పైన మందమున్న ఇనుప పలక అవుతుంది! మన కాలవల లాకుల తలుపులకు కూడా అంత మందం రేకు వేయించలేదు. అందుకే ఆ అంచులను నీవు సగం అరగదీసి ఉంచావని గ్రహించి, మిగిలిన చోటు కోసేసి కూల్‌డ్రింకు డబ్బా రేకుతో కొత్తవి చేశాను. ఆ రేకు మిల్లీమీటరులో పదో వంతు, అంటే అసలు కొలతలో ఏడు మిల్లీమీటర్లు. అదీ ఎక్కువే, కానీ కంటికి ఆనదు. పట్టీలకు మాత్రం ఇంకా పల్చనివి కావలసివచ్చి మీ అమ్మ బీపీ మాత్రల అట్ట వెనక ఉండే వెండి కాగితం వాడాను. ఆవిడ మాత్రలన్నీ ఒక్కసారే వొలిచి సీసాలో పోశానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చేతి కడ్డీలకు గవర్రాజు మామయ్య దుకాణం పక్కనున్న మోటారు వైండింగు కొట్టులో రాగి తీగ అడిగాను. 0.3 మిల్లీమీటర్ల తీగ మూడు మూరలు ఊరికే ఇచ్చాడు. లెక్క కడితే అది రెండు సెంటీమీటర్ల పై చిలుకు లావున్న ఊచ, ట్యాంకు ఎక్కిన సిపాయి పట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. తీగను నిటారుగా చేయడానికి ఒక కొనను తలుపు గడియకు కట్టి, రెండో కొనను పటకారుతో పట్టి, అది కాస్త సాగినట్టు చేతికి తెలిసేదాకా లాగాలి. వంపులన్నీ పోతాయి. ఇది నీకు తెలియదని కాదు, నేను స్వయంగా కనిపెట్టానన్న సంతోషంతో వ్రాస్తున్నాను. ప్లాస్టిక్ జిగురు లోహాన్ని పట్టదని మరిచి ఒక పూట వృథా చేశాను. తరవాత ఫెవిక్విక్ వేయబోయి బొటనవేలు, చూపుడువేలు కలిపి అంటించుకున్నాను. నా తొందరే. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టుకుని మెల్లగా విడదీసుకున్నాను, కంగారు పడకు.

నీవు వాడే ఆ నీళ్లలాంటి జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. కరిగించే గుణమున్నదేదీ మూసిన గదిలో పీల్చకూడదు. పూనాలో చలి అని కిటికీ వేసుకుని పని చేసేదానివేమో, ఆ తలనొప్పులన్నీ అందువల్లనేనేమో అని నాకిప్పుడు అనిపిస్తోంది. ఇప్పుడు జిగురూ ఇక్కడే ఉంది, ట్యాంకులూ ఇక్కడే ఉన్నాయి కనుక ఆ మాట ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

ఒక పొరపాటు ఒప్పుకోవాలి. టరెట్ పైకప్పు మీద కుడివైపు, గుండ్లు నింపే లోడరు ఎక్కి దిగే మూతకు ముందు, చదునుగా అరగదీసిన గుండ్రటి మచ్చ కనిపించింది. ఏదో భాగం దారిలో ఊడిపోయిందనుకుని గుండుసూది తలను ఎం-సీల్‌లో గుచ్చి, పుట్టగొడుగు గొడుగులా మలిచి అతికించాను. ఎంత కుదిరిందో అని మురిసి మీ అమ్మను పిలిచి చూపించాను. రాత్రి నీ పాత పుస్తకంలోని బొమ్మలు చూస్తే విషయం బోధపడింది. ఆ గాలి గొట్టం గుబ్బ పాత రకం టి-54కు ఉంటుంది, 1958 నుంచి తయారైన టి-55కు ఉండదు. చైనావాళ్లు టి-54ను చూసి చేసుకున్న 59వ రకానికీ ఉంటుంది, 1971 యుద్ధంలో పాకిస్తాను సైన్యం చేతిలో ఉన్నది అదే. నీవు పని గట్టుకుని గీకి మన బండిగా మార్చినదానిని నేను ఎంతో శ్రద్ధగా శత్రువు బండిగా మార్చిపెట్టాను. తెల్లవారకముందే లేచి గుబ్బ పీకేశాను.

అప్పుడే రాజ్యం పిన్ని ఫోను చేసింది. వాళ్ల చిన్నవాడు పూనాలో నిన్ను చూశాడట, నీవు గది ఖాళీ చేస్తున్నావట, ఉద్యోగం మాట కూడా ఏదో అన్నాడట. వాడు చెప్పేవాటిలో సగం ఎప్పుడూ నీళ్లే. నేను "అలాగా" అని ఊరుకున్నాను. మీ అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది.

అతుకుల సంగతికి వస్తాను. టి-55 ఒళ్లు చదును పలకలను వెల్డు చేసి కట్టినది, టరెట్ పోత పోసినది. ఈ తేడా కిట్‌లో సరిగా రాలేదు, రెండూ ఒకే నునుపు. నీవు తొమ్మిదో తరగతిలో ఉండగా నీ మొదటి ట్యాంకుకు వెల్డింగు ఎలా చేయాలని నన్ను అడిగితే, ఒక గీత గీస్తే సరిపోతుందని చెప్పాను. నీవు నమ్మలేదు. ఆదివారం పూట చేతక్ మీద వెనక కూర్చోబెట్టుకుని ఆటోనగర్ తీసుకువెళ్లేదాకా ఊరుకోలేదు. నీవు వేసుకున్నది పుట్టినరోజుకు కుట్టించిన తెల్ల గౌను. వద్దన్నాను. వినలేదు. లారీ బాడీలు కట్టే షెడ్డు మేస్త్రీ మొదట నవ్వి, తరవాత నీ ప్రశ్నలు విని, నీకు నల్ల అద్దం ఇచ్చి, పాత టైరు మీద కూర్చోబెట్టి, ఒక అతుకు వేసి చూపించాడు. చల్లారిన తరవాత దాని మీద వేలు పెట్టి, "నాన్నా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి" అన్నావు. ఆయన అక్కడితో ఆగలేదు. పాత ఇంజను దిమ్మ ఒకటి దొర్లించి, పోత ఇనుము బత్తాయి తొక్కలా ఎలా గరుకుగా ఉంటుందో, పక్కనున్న చాసిస్ పలక ఎలా చదునుగా ఉంటుందో కళ్లు మూసుకుని తడిమి చెప్పమన్నాడు. నీవు మడ్‌గార్డులు ఎక్కడ సొట్టపోతాయి, తుప్పు ఎక్కడ మొదలవుతుంది, బురద చక్రం దగ్గర దట్టంగా పట్టి పైకి పోను పోను ఎలా పల్చబడుతుంది, టార్పాలిన్ తాడు ఏ కొక్కేనికి ఎన్ని చుట్లు వేస్తారు అని లెక్కల నోటుబుక్కు వెనక అట్ట లోపలంతా వ్రాసుకున్నావు. ఆ నోటుబుక్కు మర్నాడు బడిలో ఇవ్వవలసినది. మజ్జిగ తెప్పించి ఇచ్చారు, రెండు గ్లాసులు తాగావు. ఇంటికి వచ్చేసరికి మూడైంది. మీ అమ్మ అన్నం తినకుండా గేటు దగ్గర నిలబడి ఉంది. గౌను మీద గ్రీజు మరక కిరోసిన్‌తో రుద్దినా, కుంకుడు రసంతో ఉతికినా పోలేదు. దానిని చింపి నీ రంగుల గుడ్డలు చేసుకున్నావు. నీ పెట్టెలో కుంచెలు చుట్టిన గుడ్డ చూశాను. అంచు లేసు ఇంకా ఉంది.

అతుకులకు నీ పద్ధతే పాటించాను. భాగాలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ కాడను దీపం సెగ మీద తిప్పుతూ, అది మెరిసి కుంగే సమయానికి మంటకు దూరంగా తీసి లాగితే దారమవుతుంది. వేగంగా లాగితే వెంట్రుక, నిదానంగా లాగితే నులకతాడు. ఆ దారాన్ని అతుకు మీద పరిచి, జిగురు తడిపి, మెత్తబడ్డాక బ్లేడు మొనతో పొలుసులు నొక్కాలి. దేవుడి ప్రమిద వాడానని ఇంట్లో మరొక రగడ జరిగింది. టరెట్‌కు పుట్టీని పల్చన చేసి పాత కుంచెతో పొడిచి గరుకు తెచ్చాను. కొండపల్లిలో చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో బొమ్మల అతుకులు పూడ్చడం చిన్నప్పుడు నీకు చూపించాను, గుర్తుందా? తెల్ల పొణికి కర్ర అయినా ప్లాస్టిక్ అయినా ఆ పని ఒకటే.

టార్పాలిన్ మొదట మీ అమ్మ జాకెట్టు లైనింగు ముక్కతో చేశాను. పనికిరాలేదు. గుడ్డలోని ఒక్కొక్క పోగూ ఈ స్కేలులో మోకు లావున కనిపించింది. టిష్యూ కాగితాన్ని ఒక్క పొరగా విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, చుట్ట చుట్టి పెడితే దానంతట అదే కుంగి మడతలు పడింది. బురదలో దిగబడినప్పుడు చైన్ల కింద వేసుకోవడానికి వెనక మోసుకుపోయే దుంగకు మన పెరటి కరివేపాకు పుల్ల సరిగ్గా కుదిరింది. మూడు మిల్లీమీటర్ల లావు, నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు. బెరడు మీది చుక్కలు కూడా ఈ కొలతకు పెద్దవిగా లేవు. నాలుగు రోజులు ఎండబెట్టాను. పచ్చిది పెడితే తరవాత బెరడు ముడుచుకుని ఊడుతుంది. ఫిరంగి గొట్టానికి మొనలో ముందు సూదితో గుంట చేసి, తరవాత అర మిల్లీమీటరు, ఒకటి, 1.4 అని వరుసగా మూడు డ్రిల్లు పుల్లలతో తొలిచాను. వంద మిల్లీమీటర్ల ఫిరంగికి అదే లెక్క వస్తుంది. ఒకేసారి పెద్ద పుల్లతో దిగి ఉంటే కొన చీలిపోయేది. ఏ పనిలోనైనా తొందరపడి ఒక్కసారే తెంచుకోకూడదని, ఉద్యోగమైనా ఇంకొకటైనా పది రోజులు ఆగి, పెద్దవాళ్లతో ఒక మాట అనుకుని... సరే, ఉపన్యాసం ఇవ్వకూడదని కూర్చునేటప్పుడే అనుకున్నాను. ఉద్యోగం మారడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. మానేసినా కొంప మునగదు. ముందు గది అద్దె ఎవరు కడుతున్నారు, భోజనం ఎక్కడ చేస్తున్నావు, అవి తెలిస్తే చాలు. డబ్బు కావలసివస్తే బుజ్జి చేత అడిగించకు.

రాత్రి పదింటి తరవాత ఈ పని చేయవద్దని డాక్టరు అన్నారు, ఎడమ కన్నుకు ఆపరేషనయి ఏడాది కూడా కాలేదు కదా. నీకూ చెబుతున్నాను, దీపం భుజం వెనక నుంచి కాక ఎడమ పక్క నుంచి పడేట్టు పెట్టుకో. కత్తి ఎప్పుడూ వేలికి అవతలి వైపే నడవాలి. బీరువా పక్కన నీ బల్లను శుభ్రం చేయించి కిటికీ దగ్గరికి జరిపించాను. బల్ల ఖాళీగా ఉంటే మీ అమ్మ దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతోందని జరిపించాను, వేరే ఉద్దేశమేమీ లేదు. మీ అమ్మ సున్నుండలు చేసింది, మినప్పప్పు నీకు ఇష్టమైనట్టు ఎర్రగానే వేయించింది. అవి పదిహేను రోజులకు మించి ఉండవట, నీకు చెప్పమంది.

చివరగా ఒక విషయం. కమాండరు మూత పెట్టెలో లేదు. లోడరు మూత ఉంది, డ్రైవరు మూత ఉంది. అది ఒక్కటే లేదు. టరెట్ ఎడమవైపు గుండ్రటి రంధ్రం నోరు తెరుచుకుని ఉంది. బుడగల కవర్లన్నీ కత్తిరించి చూశాను, పెట్టెను బోర్లించి దులిపాను, మీ అమ్మ నేలంతా అయస్కాంతంతో వెతికింది, ప్లాస్టిక్‌ను అది పట్టదని చెప్పినా వినలేదు. నేను చేయగలనేమో అని నీవు అనవచ్చు. అంత చిన్న మూత, అతుకూ కీలూ అన్నీ చేయడం నావల్ల కాదు. నీ మంచం కిందో, ఆ కిటికీ గట్టు మీదో ఉంటుంది, నింపాదిగా చూడు. దొరికితే కొరియరులో వేయకు, ఏడు మిల్లీమీటర్ల వస్తువు, దారిలో పోతుంది. చేతిలో పట్టుకుని రా.

ఆశీస్సులతో,
నాన్న.