ఆ శనివారం మిన్నోల సంగతి, ఇకమీదట మన షాపులో ఏముంటుందన్న సంగతి

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ నుంచి తెల్లారకముందే బయల్దేరి ఈ లేక్ ఫోర్క్ చెరువుకి చేపలు పట్టడానికి వచ్చే మన వాళ్ళందరికీ నమస్కారం అండీ.

నెలన్నరపాటు మన షాపులో, ఎరకి అమ్మే బతికిన చిన్న చేపల ట్యాంకు మీద "మిన్నోలు లేవు" అని అట్టముక్క వేలాడింది. ఎందుకని అడిగినవాళ్ళకి తలా ఒక మాట చెప్పి తప్పించుకున్నాను. ట్యాంకు పగిలిందని ఒకరు, షాపు అమ్మేస్తున్నానని ఇంకొకరు అనుకున్నారట. "పెట్రోలు బంకు నడుపుకునేవాడికి చేపల సంగతేం తెలుసు" అని మరొకాయన అన్నాడని నా చెవిన పడింది. మొదటి రెండూ నవ్వుకుని వదిలేశాను. మూడోది మాత్రం వదల్లేకపోతున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మార్చి ఆఖరి శనివారం జరిగిన గొడవ ఇది. ఆ వారం నీళ్ళు అరవై డిగ్రీలు (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కే) దాటి నడుస్తున్నాయి. బాస్ చేపలు గూళ్ళు కట్టుకోవడానికి లోతు వదిలి ఒడ్డు పక్క రెండు మూడడుగుల నీళ్ళలోకి వచ్చేశాయి. కడుపులో గుడ్లున్న ఆడచేప ఏడాది మొత్తంలో ఎక్కువ బరువు తూగేది అప్పుడే. పైగా 13 పౌండ్లు దాటిన చేపని జనవరి 1 నుంచి మార్చి 31 లోపల పట్టి అప్పగిస్తే, ఇక్కడి ఏథెన్స్ ఊళ్ళో ఉన్న టెక్సాస్ సర్కారు హేచరీ వాళ్ళు తీసుకెళ్ళి గుడ్లు పెట్టించి తిరిగి వదులుతారు. మార్చి దాటితే ఆ అవకాశం మళ్ళీ వచ్చే ఏడాదే. ఈ చెరువులోనే 1992 జనవరిలో 18.18 పౌండ్ల బాస్ పడింది, టెక్సాస్ రికార్డు ఇప్పటికీ అదే. ఇంతకంటే చెప్పాలా? ఆ శనివారానికి పెద్ద షైనర్లు (మిన్నోల్లో ఒక రకం) కావాలని బుధవారం నుంచే ఫోన్లు. ఈ చెరువు మీద పాతకాపులు రబ్బరు పురుగుల మీద తప్ప చెయ్యి వెయ్యరు, బతికిన ఎరంటే వాళ్ళకి చిన్నచూపు. మన వాళ్ళకేమో కొక్కేనికి కదిలేదేదో ఉంటేనే నమ్మకం. నాకు అదే వ్యాపారం.

మిన్నోలు ఆర్కాన్సాలో పెరుగుతాయి. లోనోక్ చుట్టుపక్కల మైళ్ళ కొద్దీ చెరువులు, మన ఆకివీడు నుంచి కైకలూరు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కనిపించినట్టే. అక్కణ్ణించి తెచ్చి చుట్టుపక్కల షాపులకి పోసే డిస్ట్రిబ్యూటరు దగ్గర ఆరేళ్ళుగా కొంటున్నాను. పేరు రాయను. ఆయన లారీ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి రావాలి. రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చింది. డ్రైవరు కొత్త కుర్రాడు, మొహం వేలాడిపోయి ఉంది. పాపం వాణ్ణి ఏమీ అనలేదు.

లారీ ట్యాంకు మూత తీసి థర్మామీటరు ముంచాను. 76. మామూలుగా అరవై రెండు, అరవై మూడు ఉంటుంది. రెండు అరల్లో ఒకదానికి ఆక్సిజన్ సిలిండరు ముల్లు సున్నా మీద పడి ఉంది. ఎప్పట్నించి సున్నా అని అడిగితే, దారిలో పిట్స్‌బర్గ్ ఊరి దగ్గర చూసినప్పుడు ఆక్సిజన్ ఉందన్నాడు. చేతిలోకి నాలుగు షైనర్లు తీసుకుని చూశాను. కదులుతున్నాయి, కానీ పొలుసులు నా అరచేతికి అంటుకున్నాయి. షైనరు పొలుసు రాల్చిందంటే దాని పని సగం అయిపోయినట్టే.

వెనక్కి పంపేయాలి. ఎవరినైనా అడగండి, అదే చెప్తారు. నేను ఎవరినీ అడగలేదు. నలభై పౌండ్ల సరుకు వెనక్కి పంపితే తెల్లారి ఖాళీ ట్యాంకు పక్కన నిలబడాలి. మార్చి, ఏప్రిల్, మే శనివారాల్లోనే మాకు ఏడాది తిండి. లారీ దగ్గర పావుగంట నిలబడ్డాను. మా ఆవిడ లోపల్నించి వచ్చి, "వద్దనుకుంటే వద్దని చెప్పెయ్యి, లేదంటే దింపుకో, ఆ అబ్బాయికి ఇంకా రెండు షాపులున్నాయి" అంది. దింపుకున్నాను. డ్రైవరు అందించిన కాగితం మీద "సరుకు బాగుంది" అన్న గడిలో సంతకం కూడా పెట్టాను. ఈ సంతకం సంగతి మళ్ళీ వస్తుంది.

నా ట్యాంకు నీళ్ళు 62. వచ్చిన నీళ్ళు 76. పద్నాలుగు డిగ్రీల తేడా. నా నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ, గంటన్నరో రెండు గంటలో పట్టించి గానీ వాటిని ట్యాంకులోకి దించకూడదు. ఇరవై నిమిషాల్లో దించేశాను. తొమ్మిదిన్నర అయింది, తెల్లవారుజామున నాలుగింటికి షాపు తెరవాలి, అంతకంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు.

మూడింటికి లేచి ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. లైటు వేయగానే కనిపించింది. ఓ ఇరవై ముప్పై పైకి వచ్చి, నీటి పొర దగ్గర నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. మా నాన్న ఆకివీడు దగ్గర చెరువులు చేసేవాడు. మబ్బు పట్టిన రాత్రి తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు ఇలాగే పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, ఊళ్ళో డీజిలింజన్లన్నీ పోగేసి చెరువు నీళ్ళు చెరువులోకే కొట్టించేవాడు. పదేళ్ళప్పుడు నేను టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నిలబడేవాణ్ణి. అంటే ఆ నోళ్ళు తెరవడం ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసే, నీళ్ళలోకి గాలి కొట్టే రెండో బ్లోయరు వేసి, ఉప్పు చల్లి, చచ్చినవి వలతో తీసేసి, నాలుగున్నర నుంచి అమ్మాను.

తప్పు నాది. ఇక్కడి వరకూ వేరే ఎవరి పేరూ చెప్పను.

ఎనిమిది కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. 154 నంబరు రోడ్డు వంతెన దగ్గర ఒకరి బకెట్, 515 వంతెన కింద ఇద్దరి బకెట్లు, అన్నీ తెల్లగా పొట్ట పైకి. ఇర్వింగ్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకొచ్చాడు. తెనాలి నుంచి మూడు నెలలకి వచ్చిన పెద్దాయన. బకెట్ పట్టుకుని షాపుకి తిరిగొచ్చి, నా మొహం వంక చూసి, చాలా నెమ్మదిగా అడిగాడు: "ఏం బాబూ, ఇక్కడ చచ్చిన చేపనేసి బతికిన చేపని పడతారా?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. డబ్బులు తిరిగిస్తే తీసుకోలేదు. ఆ చచ్చిన షైనర్లతోనే మధ్యాహ్నం రెండు క్యాట్‌ఫిష్‌లు పట్టి వెళ్ళేటప్పుడు చూపించి మరీ వెళ్ళాడు. దానికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

సోమవారం డిస్ట్రిబ్యూటరుకి ఫోన్ చేశాను. ఆలస్యమైంది, ఆక్సిజన్ అయిపోయింది, నీళ్ళు వేడెక్కాయి, సగం నష్టం మీరు భరించండి, సగం నేను భరిస్తాను అన్నాను. అది ధర్మమే కదా. ఆయన నా సంతకం ఉన్న కాగితం సంగతి ఎత్తాడు. సరే, సంతకం పెట్టాను, ఒప్పుకుంటాను. అక్కడితో ఆగుంటే ఇంకా ఆయన దగ్గరే కొంటూ ఉండేవాణ్ణేమో. ఆగలేదు. "మా చేప బాగానే వచ్చింది, మీ ట్యాంకే సరిగ్గా లేదేమో చూసుకోండి" అన్నాడు.

నా ట్యాంకు! ఆ ట్యాంకు సిమెంటు నా చేత్తో పోశాను. బోరు నీళ్ళు, క్లోరిన్ చుక్క లేదు. నీళ్ళు చల్లబరిచే చిల్లరు వేరే లైను మీద, రెండు బ్లోయర్లు, కరెంటు పోతే పది సెకన్లలో అందుకునే జనరేటరు. రెండేళ్ళ కిందట మంచు తుఫానుకి మూడు రోజులు కరెంటు లేకపోతే ఇంట్లో హీటరు ఆపి ట్యాంకుకి పెట్టాను, మా పిల్లలు ఇప్పటికీ దెప్పుతారు. పొద్దునా సాయంత్రం డిగ్రీలు రాసిన నోటుపుస్తకాలు ఆరేళ్ళవి ఉన్నాయి. ఫొటోలు తీసి పంపుతానన్నాను. అవసరం లేదన్నాడు. ఆ "అవసరం లేదు" దగ్గరే నాకు తిక్క రేగింది. ఆరేళ్ళలో ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు, ఒక్క సరుకు వెనక్కి పంపలేదు, ఆ మనిషికి నా పుస్తకం చూసే ఓపిక లేదు.

ఆయన్ని మానేయాలా వద్దా అన్నది మూడు వారాలు నలిగింది. ఈ చుట్టుపక్కల నాకు కావలసినంత సరుకు, కావలసిన సైజులో, వారానికి రెండుసార్లు పోయగలిగినవాడు ఆయనే. మా ఆవిడది ఒకటే మాట: వ్యాపారంలో పంతాలేంటి, నష్టం నాలుగైదు వందల డాలర్లు, సీజను పోతే ఎంత? లెక్క చూస్తే ఆవిడదే రైటు. ఒకరోజు ఫోన్ తీసి ఆయన నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. ఇంకోరోజు క్షమాపణలాంటి మెసేజ్ కూడా రాసి చెరిపేశాను. క్షమాపణ నేనెందుకు చెప్పాలో రాస్తుంటే నాకే అర్థం కాలేదు. ఏప్రిల్ మూడో వారంలో ఆయన మనిషే ఫోన్ చేసి "ఆర్డరు ఎప్పుడు?" అన్నాడు, ఏమీ జరగనట్టు. ఇక వద్దన్నాను. పంతమే అనుకోండి.

ఇప్పుడు సరుకు ఒక చిన్న రైతు దగ్గర తీసుకుంటున్నాను. సొంత చెరువులు, తన లారీ తనే నడుపుతాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేను థర్మామీటరు తీసేలోపే తనది తీసి ముంచాడు, నాకు నచ్చింది. కాకపోతే వారానికి ఒక్కసారే, బుధవారం వస్తాడు. సరుకు ఇదివరకటిలో సగం. డజనుకి రెండు డాలర్లు ఎక్కువ పడుతుంది, ఆ రెండూ మీ దగ్గరే తీసుకుంటాను, నాటకాలు లేవు. వచ్చిన చేపని ఒక రాత్రంతా ట్యాంకులో ఉంచి గురువారం పొద్దున చూశాకే అమ్ముతాను. శనివారం తొమ్మిదికి అయిపోతే అయిపోయినట్టే. "అన్నా, ఎక్కడో ఒక డజను దాచి ఉంటావుగా" అనకండి, దాచను. ఫోన్ మీద పక్కన పెట్టడం కూడా మానేశాను.

ఆ శనివారం కొన్నవాళ్ళకి డబ్బులు తిరిగిస్తాను. రసీదు అక్కర్లేదు, మొహాలు నాకు గుర్తున్నాయి. డబ్బులు వద్దంటే అంత విలువకి ఎర తీసుకెళ్ళండి. తెనాలి పెద్దాయన ఊరికి వెళ్ళిపోయారని తెలిసింది, ఆయన తరఫున వాళ్ళబ్బాయి వచ్చి తీసుకోవాలి, ఇది ఆర్డరు.

చేపల సంగతి. మే నెల, గూళ్ళ పని దాదాపు అయిపోయింది. గుడ్లు పెట్టిన ఆడచేపలు అలిసిపోయి లోతుకి జారుతున్నాయి, ఓ వారం పది రోజులు దేనికీ నోరు తెరవవు, మీ ఎర తప్పు కాదు. తెల్లవారుజామున మాత్రం వంతెనల దగ్గర రాళ్ళ కట్టల వెంట షాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తున్నాయి. వాటి వెనకాలే బాస్. పొద్దెక్కాక ఆ హడావుడి చప్పున ఆగిపోతుంది, కాబట్టి షాపులో కబుర్లు తర్వాత, ముందు పడవ దించండి. ఎండెక్కితే గడ్డి మీద కప్ప ఎర. జూన్ వచ్చేసరికి ఒడ్డు వదిలేయండి. మునిగిపోయిన పాత రోడ్లు, దిబ్బల మీద ఇరవై అడుగుల లోతులో కరోలినా రిగ్గు, అంటే అడుగుకి చేరేలా బరువు కట్టిన ఎర, నెమ్మదిగా లాగాలి. ఓపికున్నవాళ్ళ పని.

జూన్ 1 నుంచి ఆగస్టు దాకా పెద్ద షైనర్లు అసలు అమ్మను. చెరువు పై నీళ్ళు ఎనభై అయిదు దాటాక, మీ బకెట్లో అది గంట బతకదు. అమ్మడం తేలికే, ఫోన్లు ఎత్తడమే కష్టం.

ఈ మే వరకు కొనేవాళ్ళు బకెట్లో ఐసు ముక్కలు గుమ్మరించకండి, చాలా ఐసుల్లో క్లోరిన్ ఉంటుంది, పైగా ఒక్కసారిగా చల్లబడుతుంది. నీళ్ళ సీసా గడ్డకట్టించి, మూత బిగించి, అదే వేయండి. డజనుకి మించి ఒక బకెట్లో కుక్కకండి. మిగిలినవి చెరువులో పారబోయొద్దు. ఇంటికెళ్ళేముందు పడవలో, పట్టిన చేపల్ని ఉంచే లైవ్‌వెల్‌లో నీళ్ళు వదిలేయాలి, అది టెక్సాస్ అంతటా ఉన్న నియమమే.

పులుసు బ్యాచ్‌కి ఒక్క మాట. 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఈ చెరువులో ఉంచుకోకూడదు, వదిలెయ్యాల్సిందే. రోజుకి అయిదు, అందులో 24 దాటింది ఒక్కటే. కొలబద్ద లేనివాళ్ళకి కౌంటర్ దగ్గర స్టిక్కరుంది, ఉచితం. "అన్నా, తోక కాస్త మడిస్తే పదిహేనున్నరే" అని నాకు ఫొటోలు పంపకండి.

ట్యాంకు పక్కన గోడకి కొత్త థర్మామీటరు, పలక పెట్టాను. బుధవారం లారీ నీళ్ళు ఎన్ని డిగ్రీలతో వచ్చాయో, గురువారం పొద్దునకి ఎన్ని చచ్చాయో దాని మీద సుద్దతో రాసి ఉంటుంది. ఈ వారం: 63, పదకొండు.

మిర్చి బజ్జీలు అడుగుతున్నారు. శని, ఆదివారాలు మాత్రమే, ఆరు దాటాక.