ఏటా ఒక రోజు ఉత్సవం కాదు, వారం వారం ఆట కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఎదుగుదల లోపాలున్న పిల్లలకు ఆటల పోటీలు జరిగినప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు వస్తాయి. మెడలో పతకం, పక్కన ముఖ్య అతిథి, వెనక బ్యానరు. అవి రావడం మంచిదే. వాటిని చూసి తమ బిడ్డనూ ఆటకు తీసుకువెళ్దామనుకునే తల్లిదండ్రులు ఉంటారు. అయితే ఆ మర్నాడు సాయంత్రం ఆ పిల్లవాడు ఎక్కడ ఆడుకుంటాడని మాత్రం ఎవరూ అడగరు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యుపరమైన స్థితి), సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు అదుపులో లేకపోవడం), మేధో వైకల్యం ఉన్నవారికి ఏడాదికోసారి జరిపే ఉత్సవం కన్నా, అందరూ వాడుకునే మైదానంలోనూ ఈత కొలనులోనూ వారం వారం తప్పకుండా దొరికే చోటు ముఖ్యమని, ప్రజల సొమ్ముతో నడిచే క్రీడా సదుపాయాలు ఆ చోటును దయతో కాక హక్కుగా ఇవ్వాలని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

హక్కు అన్న మాట ఊరికే వాడలేదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, 30వ అధికరణంలో, ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. వైకల్యం ఉన్నవారు అందరితో పాటు అన్ని స్థాయుల క్రీడల్లో పాల్గొనేలా ప్రోత్సహించాలి. వారికోసం ప్రత్యేకమైన క్రీడలు నిర్వహించుకునే అవకాశమూ ఉండాలి. పిల్లలకు బడిలో జరిగే ఆటలతో సహా అన్నింటిలో మిగతా పిల్లలతో సమానంగా ప్రవేశం ఉండాలి. ఇక్కడ రెండోది మొదటిదానికి బదులు కాదు. ఆచరణలో మాత్రం ‘వాళ్లకు వేరే శిబిరం ఉంది కదా’ అంటూ రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని ఎగ్గొట్టడం మామూలైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్నవారికి తొలిసారిగా విడిగా సిఫార్సులు చేసింది. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థాయి నుంచి తీవ్రస్థాయి శ్రమ, పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ అవసరమని అందులో ఉంది. ఏడాదికోసారి జరిగే పరుగు పందెం ఈ లెక్కలో ఏ మూలకూ రాదు.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను గమనించినంతలో, ఈ పిల్లలను ఆటకు దూరం చేసేది చాలాసార్లు వారి శరీరం కాదు, మన అలవాట్లు. పరుగు మొదలుపెట్టడానికి పిస్టల్ పేలుస్తాం. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఆ మోత భరించరానిది. పేలకముందే చెవులు మూసుకుని, గీత దగ్గరే కూర్చుండిపోతారు. చూసేవారు ‘వీడికి పరుగు రాదు’ అని రాసుకుంటారు. పిస్టల్ బదులు జెండా ఊపితే అదే పిల్లవాడు పరుగెత్తుతాడు. అలాగే ‘ముందుకు ఉరికి, బంతి అందుకుని, పక్కవాడికి ఇచ్చి, వెనక్కి రా’ అని ఒకే గుక్కలో చెబితే, మాటలను అర్థం చేసుకోవడానికి కొంత సమయం కావలసిన పిల్లవాడికి చివరి ముక్క మాత్రమే గుర్తుంటుంది, వాడు నేరుగా వెనక్కే వస్తాడు. ఒక్కో పనీ ముందు చేసి చూపించాలి, ఒక్కో మాటే చెప్పాలి. ఆ రోజు ఏ ఆట తర్వాత ఏ ఆట ఉంటుందో బొమ్మల కార్డులతో గోడకు అంటించాలి. వీటిలో దేనికీ నిధులు మంజూరు కానక్కర్లేదు, శిక్షకుడికి నేర్పితే చాలు. కానీ శిక్షకులకు ఇచ్చే తర్ఫీదులో ఈ పాఠానికి చోటు దొరకడం అరుదు.

ఇక పెద్దవాళ్ల సంగతి. బడి ఉన్నంతకాలం ఏదో ఒక ఆటల పీరియడ్ అయినా ఉంటుంది. బడి అయిపోయాక అదీ లేదు. బట్టలు మార్చుకోవడానికి సాయం కావలసిన పాతికేళ్ల యువకుడిని తల్లి ఈత కొలనుకు తీసుకువెళ్లిందనుకోండి. ఆడవాళ్ల గదిలోకి అతణ్ని రానివ్వరు, మగవాళ్ల గదిలోకి ఆమె వెళ్లలేదు. కూతురిని వెంటబెట్టుకొచ్చిన తండ్రికీ ఇదే చిక్కు. ఇద్దరూ కాసేపు గుమ్మం దగ్గర నిలబడి, కాపలాదారుతో ఒకటి రెండు మాటలు అనిపించుకుని, ఇంటికి తిరిగి వెళ్తారు. మరోసారి రారు. తోడు వచ్చినవారితో కలిసి వాడుకునేలా, లోపల గడియ పెట్టుకునే విశాలమైన ఒక్క గది ఉంటే ఈ సమస్యే ఉండదు. కోట్లు పెట్టి కట్టే క్రీడా ప్రాంగణం నక్షాలో ఆ గది ఎందుకుండదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ముఖ్య అతిథులు కూర్చునే గది మాత్రం తప్పకుండా ఉంటుంది.

ప్రవేశం నిరాకరించేవారు సాధారణంగా చెప్పే కారణం భద్రత. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉంటుంది. అలాంటివారు తలకిందులుగా నీళ్లలోకి దూకడం, పల్టీలు కొట్టడం ప్రమాదకరం. మెడనొప్పి, నడకలో కొత్తగా తడబాటు, చేతుల్లో బలహీనత కనిపిస్తే వెంటనే ఆట ఆపించి వైద్యుడికి చూపించాలి. మూర్ఛ ఉన్నవారు నీళ్లలో ఉన్నంతసేపు ఎవరో ఒకరు వారిమీద నుంచి చూపు మరల్చకూడదు. ఇవి తెలుసుకున్న శిక్షకుడు పల్టీ మాన్పించి మరో వ్యాయామం ఇస్తాడు. తెలుసుకోవడం ఇష్టం లేనివాడు అసలు గేటే మూసేస్తాడు.

కలిపి ఆడిస్తే ఆట స్థాయి పడిపోతుందన్న అభ్యంతరం కూడా తరచూ వినిపిస్తుంది. దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ సోదరి యూనిస్ కెనడీ ష్రైవర్ 1962లో అమెరికాలోని మేరీలాండ్‌లో తన ఇంటి ఆవరణలోనే మేధో వైకల్యం ఉన్న పిల్లలకు వేసవి శిబిరం పెట్టారు. ఆ ప్రయత్నమే పెరిగి, 1968 జులైలో షికాగోలో తొలి స్పెషల్ ఒలింపిక్స్ అయింది. అక్కడ ఆటగాళ్లను వయసు, స్త్రీ పురుష భేదంతో పాటు సామర్థ్యాన్ని బట్టి కూడా విభాగాలు చేస్తారు కాబట్టి, ప్రతివారికీ తమకు దీటైన ప్రత్యర్థి ఉంటారు. దాని అనుబంధంగా వచ్చిన యూనిఫైడ్ క్రీడల్లో వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో ఆడతారు. బాస్కెట్‌బాల్ అయితే మైదానంలోని ఐదుగురిలో ముగ్గురు మొదటి రకం, ఇద్దరు రెండో రకం. అయితే ఒక్క హెచ్చరిక. ఆ ఇద్దరే బంతి అంతా తమ దగ్గర ఉంచుకున్నా, జాలిపడి కావాలనే అవతలివారికి పాయింట్లు వదిలేసినా అది ఆట కాదు. ఇరవై ఏళ్లవాడికి తనను గెలిపిస్తున్నారని ఇట్టే తెలిసిపోతుంది.

ఏదైనా పొరపాటు జరిగితే మొదట వేటు పడేది వీరిమీదే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. వైకల్యం ఉన్న క్రీడాకారులకు జరిగే ప్రపంచ స్థాయి పోటీలైన పారాలింపిక్స్‌లో, 2000లో సిడ్నీలో, మేధో వైకల్య విభాగంలో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో, పన్నెండు మందిలో పది మందికి అసలు ఆ వైకల్యమే లేదని తేలింది. మోసం చేసింది వైకల్యం లేనివారు. శిక్ష మాత్రం ప్రపంచంలో ఆ వైకల్యం ఉన్న క్రీడాకారులందరికీ పడింది. 2004లో ఏథెన్స్‌లోనూ 2008లో బీజింగ్‌లోనూ వారికి పతకాల పోటీలే లేవు. 2012లో లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లో మాత్రమే తిరిగి చోటు దక్కింది. అర్హత నిర్ధారించే పద్ధతిని సరిదిద్దడానికి పన్నెండేళ్లు పట్టిందంటే, ఒక క్రీడాకారుడి జీవితంలో అది దాదాపు మొత్తం కాలం. చిన్న మైదానాల్లోనూ ఇదే తీరు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదు సరైనదా అని విచారించేలోపే పిల్లవాణ్ని మాన్పించేస్తారు.

కాబట్టి క్రీడా సదుపాయాలను నడిపే సంస్థలు ముందుగా తమ వారపు పట్టికలో వీరికి సమయం రాసిపెట్టాలి. అది ఎండ మాడ్చే మధ్యాహ్నమో, ఇంకెవరికీ అక్కర్లేని వేళో కాకూడదు. కొంత సమయం రద్దీ, శబ్దం తక్కువగా ఉండేలా ప్రత్యేకంగాను, మిగతాది అందరితో కలిసి ఆడేలాను ఉండాలి. వీటిలో ఏది కావాలో ఎంచుకునేది ఆటగాడూ అతని కుటుంబమూ గానీ నిర్వాహకులు కాదు. తోడుగా వచ్చేవారికి రుసుము తీసుకోకూడదు. చేర్చుకోబోమని చెప్పినప్పుడు కారణం కాగితంమీద రాసి ఇవ్వాలి, దానిపై అప్పీలుకు అవకాశం ఉండాలి. ఏడాది చివర ఎన్ని పతకాలు వచ్చాయో ప్రకటించే నివేదికలోనే, ఆ ఏడాది చేరినవారిలో ఎంతమంది ఇంకా వస్తున్నారో, మానేసినవారు ఎందుకు మానేశారో కూడా చెప్పాలి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు