పర్లాకిమిడి ఇళ్లకు మా కృతజ్ఞతలు

పిల్లల నత్తి మీద మేం చేస్తున్న పనికి గుమ్మం తెరిచిన పర్లాకిమిడి, పాతపట్నం కుటుంబాలన్నిటికీ దండాలు. వసారా ఇచ్చినవాళ్లకీ, చాపలు పరిచినవాళ్లకీ, అందరికంటే ముందు మామ్మలకీ.

మామ్మలకే ఎందుకంటే, "నెమ్మదిగా చెప్పు బావూ", "ఊపిరి తీసుకుని చెప్పు" అనే మాట మానుకోవడం వాళ్లకే ఎక్కువ కష్టం. ప్రేమతో అనేదే. కానీ "క-క-క" దగ్గర ఆగిన పిల్లాడికి అది తప్పు పట్టినట్టు వినబడుతుంది. మెడ బిగుస్తుంది, మాట ఇంకా ఇరుక్కుంటుంది. ఇప్పుడు మామ్మలు మాట పూర్తయ్యేదాకా ముఖం చూస్తూ ఊరుకుంటున్నారు. ఒక్క క్షణం ఆగి, తామే నిదానంగా జవాబిస్తున్నారు.

గరిటె ఉపాయం చెప్పిన తల్లికి వేరే దండం. భోజనాల దగ్గర గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట, అక్కయినా మధ్యలో అందుకోకూడదు.

ఫోను లోపల పెట్టి, వారానికి 3 నుంచి 5 సార్లు, 5 నిమిషాలు పిల్లలతో ఆటకు కూర్చున్న నాన్నలకు థాంక్స్. ఈ ఆట చెడేది ప్రశ్నలతోనే. "ఇదేం రంగు? ఇవెన్ని?" అంటే అది పరీక్ష. "ఓ, ఎర్ర లారీ గట్టెక్కింది" అని ఊరికే అనండి, మాట వాడే కలుపుతాడు.

నత్తి ఇంటివాళ్ల పెంపకం వల్ల రాదు. దానికి జన్యువుల పాత్ర ఉంది, 2010లో కొన్నిటిని గుర్తించారు కూడా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా వల్లా రాదు, కాబట్టి తెలుగు ఆపకండి. వసకొమ్ము అరగదీసి నాకించినా, నాలుక కింద కోయించినా పోదు. ఇది ఒప్పుకున్న తాతలకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!

2–5 ఏళ్ల మధ్య మొదలైన నత్తి ఎక్కువమందికి తగ్గిపోతుంది. అయితే 6 నెలలు దాటినా, మాట కోసం కళ్లు గట్టిగా మూసుకుంటున్నా, ఇంట్లో పెద్దయినా నత్తి పోనివాళ్లున్నా స్పీచ్ థెరపిస్టుకి చూపించాల్సిందే.

ఆ రోజు నత్తి ఎంతుందో రోజూ క్యాలెండరు మీద అంకె వేసిన అమ్మలూ, మీకూ దండాలు. 0 అంటే అసలు లేదు, 9 అంటే విపరీతం. పండగ రోజుల 7లు, 8లు చెరపకుండా తెచ్చిచ్చారు చూడండి, ఆ కాగితాలే మాకు పనికొచ్చాయి. చుట్టాల ముందు పిల్లల చేత పద్యం చెప్పించొద్దని అందుకే అడుగుతున్నాం.