కాలేజీ కోడ్ల మడత కాగితం

సంపాదకుడికి నమస్కారం.

దేవరకొండలో పన్నెండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఏడాదంతా ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు. ఎంసెట్ ర్యాంకుల మీద ఇంజినీరింగ్ సీట్లు ఇచ్చే కౌన్సెలింగ్ రోజులొస్తే మాత్రం పొద్దున షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద జనం. 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ మా దగ్గర ఎవరి నోటా ఎంసెట్టే.

మొన్నటి కౌన్సెలింగ్‌లో చందంపేట వైపు నుంచి ఒక పత్తి రైతు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ర్యాంకు నలభై వేలు దాటింది. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కీబోర్డు మీద పెట్టాడు. పదకొండు కాలేజీ కోడ్లు, ప్రతిదాని పక్కన 'సీఎస్ఎం'. "గివే, గీ వరుసల్నే పెట్టమన్నరు సార్. ఒక్కటి గూడ అటిటు చెయ్యొద్దన్నరు" అన్నాడు. ఆయనకలా చెప్పింది ఊళ్లోకి కారేసుకొచ్చిన ఒక పీఆర్వో, అంటే కాలేజీకి పిల్లల్ని చేర్పించే మనిషి. ఒక్కో కోడూ వెతికి చూస్తే పదకొండింట్లో ఏడు ఒకే యాజమాన్యానివి. సీఎస్ఎం అంటే ఏందమ్మా అని అమ్మాయిని అడిగితే, "ఏఐ గదన్నా, ఉద్యోగాలన్నీ అండ్లనే ఉంటయంట" అంది.

సీఎస్ఎం అంటే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్)లోనే ఏఐ, మెషిన్ లెర్నింగ్ బ్రాంచి. సీఎస్ఈ సిలబస్‌ను దాని పక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్లు చాలావరకు అవే సబ్జెక్టులు: లెక్కలు, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్. అసలు తేడా మూడో ఏడు నుంచి మొదలవుతుంది. ఆ మూడో ఏడు పాఠం చెప్పగల మనిషి కాలేజీలో ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న. ఏఐకి పునాది మాత్రికలు, సంభావ్యత. ఇంటర్ ఎంపీసీలో బట్టీ కొట్టి వదిలేసినవే. వాటిని మళ్లీ అర్థమయ్యేలా చెప్పే లెక్కల మాస్టారు ఉంటే బ్రాంచి పేరు ఏదైనా పిల్లలు నెగ్గుకొస్తారు. బ్రాంచికున్న సీట్ల పరిమితిని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి సడలించింది. సీట్లు పెంచినంత తేలిగ్గా పాఠం చెప్పేవాళ్లు దొరకరు కదా.

ఇదంతా నాకు ఊరికే తెలియలేదు. 2021లో మా వాడికి కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో, వచ్చిన సీటు నచ్చక, డిండి రోడ్డులో ఉన్న ప్లాటు అమ్మి హైదరాబాద్ శివారులోని ఒక కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు కొన్నాను. గాజు అద్దాల భవనం, గేటు దగ్గర ఫౌంటెన్. మెషిన్ లెర్నింగ్ చెప్పాల్సిన సారు ఒకే సెమిస్టరులో ముగ్గురు మారారు. చివరికి వాడు హాస్టల్ గదిలో ఎన్‌పీటీఈఎల్ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. అవి ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు, చూడ్డానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. అదే ఏడాది మా మేనకోడలు నల్లగొండ దగ్గర ఒక చిన్న కాలేజీలో కన్వీనర్ సీటుకు చేరి, ఇంట్లో కూర్చుని అవే వీడియోలు చూసింది. ఇద్దరికీ ఇప్పుడు ఉద్యోగాలున్నాయి, జీతాల్లో పెద్ద తేడా లేదు. మా ప్లాటులో మాత్రం ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు.

ఆ రైతుకు నేను బ్రాంచి సంగతి తర్వాత చెప్పాను, ముందు లెక్క చెప్పాను. సాధారణంగా బీసీ పిల్లలకు 10,000 లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్. ర్యాంకు అది దాటితే ఏటా 35,000 రూపాయల వరకే సర్కారు ఇస్తుంది, మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. కాలేజీ ఫీజు 45,000 అయితే ఏటా చేతినుంచి పడేది 10,000. ఫీజు లక్ష ఉన్నచోట 65,000, అంటే నాలుగేళ్లకు 2,60,000. దానిపైన హాస్టల్, బస్సు. ఆ సర్కారు డబ్బు కూడా వేళకు వస్తుందని నమ్మకం లేదు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసిన సంగతి మీ పత్రిక పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బకాయి ఆగితే చివరికి సర్టిఫికెట్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది పిల్లలే. ఈ అంకెలు కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

దగ్గర్లో దారులు లేవా అంటే ఉన్నాయి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీకి సొంత ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వనపర్తిలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. కోస్గి పాలిటెక్నిక్‌ను ఇంజినీరింగ్ కాలేజీగా మార్చారు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ చేసి, డిప్లొమా పిల్లల ప్రవేశపరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో బీఎస్సీ కంప్యూటర్స్ తీసుకుని, దాంతోపాటు మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ చదవొచ్చు. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కితే చాలు, పేదింటి పిల్లలకు ఫీజులో రాయితీ కూడా ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీ అంటే ఆ ఇంటికి హాస్టల్ ఖర్చు మొత్తం మిగిలినట్టే. ఇవేవీ ఆ పీఆర్వో కాగితంలో లేవు.

అలాగని చిన్న కాలేజీలన్నీ బంగారమని నేననను. కొన్నింట్లో ల్యాబుకు తాళమే ఉంటుంది. అందుకే నా దగ్గరికొచ్చిన వాళ్లను ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరుస, పెట్టకముందే ఒకసారి పోయి చూసి రమ్మంటాను. ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి తిరిగిరాకుండా, ల్యాబులో ఎన్ని సిస్టమ్‌లు ఆన్ అవుతున్నాయో చూడమంటాను. క్యాంటీన్ దగ్గర ఫైనలియర్ పిల్లల్ని పట్టుకుని, రెండేళ్లుగా మారకుండా ఉన్న సార్లు ఎందరని అడగమంటాను. ఏఐకి ఖరీదైన కంప్యూటర్లు కావాలని భయపెట్టేవాళ్లున్నారు. నేర్చుకునే దశలో బ్రౌజర్‌లోనే నడిచే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికేదే సరిపోతుంది. కావలసింది పడిపోని ఇంటర్నెట్, పక్కన కూర్చుని తప్పెక్కడుందో చూపించే మనిషి.

అధికారులను అడిగేది ఒకటుంది. కావలసిన వివరాలు ఇప్పుడు తలోచోట పడి ఉన్నాయి. గత ఏడాది చివరి ర్యాంకులు ఒకచోట, ఫీజు ఒకచోట, అధ్యాపకుల జాబితా కాలేజీ వెబ్‌సైట్‌లో ఏ మూలనో, అదీ ఇంగ్లిషులో. వెబ్ ఆప్షన్ల పేజీలో కోడు నొక్కగానే ఫీజు, రీయింబర్స్‌మెంట్ పోను ఇంటివాళ్లు కట్టాల్సింది, ఆ బ్రాంచికి నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో, పాఠం చెప్పేవాళ్లు ఎందరో తెలుగులో కనబడేలా పెట్టండి. హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు చూసేవాళ్లున్నారు. ఆప్షన్ల మీద సలహా చెప్పడానికి దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి లాంటి ఊళ్లలో ఆ పది రోజులు ఒక్క లెక్చరర్‌ను కూర్చోబెట్టండి. లేకపోతే ఆ కుర్చీలో పీఆర్వో కూర్చుంటాడు. పిల్లల ఓటీపీలు తీసుకుని ఆప్షన్లు తామే ఫ్రీజ్ (ఖాయం) చేసిన పీఆర్వోలూ ఉన్నారు. తమ కోడ్లు ముందు పెడితే అడ్మిషన్‌కు ఇంత ఇస్తామని నాకూ చెప్పారు. తీసుకోలేదని గొప్పగా రాయడం లేదు. మా వాడి సంగతి జరగకముందైతే ఏం చేసేవాణ్నో నాకే తెలియదు.

ఆ అమ్మాయి ఆ రోజు ఆప్షన్లు ఫ్రీజ్ చేయలేదు. రెండు కాలేజీలు చూసొచ్చి, మూడో రోజు తన వరుస తానే రాసుకొచ్చి పెట్టుకుంది. పదకొండు కోడ్ల కాగితం నా టేబుల్ సొరుగులోనే ఉంది. అధికారులెవరైనా అడిగితే చూపిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా