వంట అక్కకూ వాచ్‌మన్‌కూ కూడా శిక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో మరణించిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. కోచింగ్ సెంటర్లకే కాదు, బడులకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. అయినా చర్చంతా ఇంటర్, నీట్ పిల్లల చుట్టూనే తిరుగుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఊసు పెద్దగా లేదు.

ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు టీచర్లే రోజంతా పిల్లల్ని చూస్తారు. ఆరో తరగతికి హైస్కూల్లో చేరగానే పీరియడ్‌కొక టీచరు. లెక్కల సారుకు తగ్గిన మార్కులు కనిపిస్తాయి, తెలుగు టీచరుకు మౌనం కనిపిస్తుంది. రెంటినీ కలిపి చూసేవారు ఉండరు. వారం రోజులుగా పళ్లెంలో అన్నం వదిలేస్తున్న పిల్లను వంట అక్క గమనిస్తుంది. గంట మోగినా గేటు దగ్గరే తచ్చాడే పిల్లవాణ్ని వాచ్‌మన్ చూస్తాడు. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పాలో వారికి ఎవరూ చెప్పలేదు.

ఈ వయసు పిల్లలు దిగులుగా ఉందని నోటితో చెప్పడం అరుదు. తరచూ కడుపునొప్పి, తలనొప్పి అంటారు. సోమవారాలు ఎగ్గొడతారు, చిన్నమాటకే కొట్లాటకు దిగుతారు. ఇలాంటి మార్పు రెండు వారాలు దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. చనిపోవాలన్న మాట, చేతిమీద కోసుకున్న గుర్తులు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

శిక్షణ అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో రెండు గంటలు స్లయిడ్లు చూపించి సంతకాలు తీసుకోవడం కాదు. బృందానికి పాతిక మందికి మించకుండా, ముగ్గురేసి చొప్పున అభినయం చేయించాలి. ఒకరు విద్యార్థి, ఒకరు సిబ్బంది, మూడోవారు పరిశీలకులు. అప్పుడే అసలు తప్పులు బయటపడతాయి. చాలామంది రెండో నిమిషానికే సలహాల్లోకి దిగిపోతారు. ‘ఎందుకు చేశావ్?’ అంటే పిల్లలకు అది విచారణలా వినిపిస్తుంది, ‘ఏం జరిగిందమ్మా?’ అంటే నోరు విప్పుతారు. నలుగురికీ కనబడేచోటే, మాటలు మాత్రం వినబడనంత దూరంలో కూర్చోబెట్టాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు, ‘నీకు సాయం చేయగలవారికి మాత్రమే చెప్తాను’ అనాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి దాదాపు అందరూ జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు, స్నేహితురాలిని కాపలా పెట్టి చేతులు దులుపుకోకూడదు. పెద్దవాళ్లెవరో ఒకరు పక్కనే ఉండాలి.

తల్లిదండ్రులకు చెప్పడం మరో కళ. ఫోన్లో ‘మీ అమ్మాయి ఇలా చేసింది’ అంటే ఆ సాయంత్రం ఇంట్లో దెబ్బలే. బడికి పిలిపించి, ఇద్దరు టీచర్లు కూర్చుని, తిట్టొద్దు, కొట్టొద్దు అని ముందే చెప్పాలి. పురుగుమందులు, మాత్రలు తాళంలో పెట్టమని విడిగా, స్పష్టంగా చెప్పాలి. పల్లెల్లో ఈ ఒక్క జాగ్రత్త ఎంతో ముఖ్యం. ఇంట్లోవారి వల్లే హాని అని అనుమానముంటే మాత్రం ముందుగా పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కు చెప్పాలి. లైంగిక వేధింపు అయితే, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, బడి పరువు పేరిట దాచడం నేరం.

ఆపైన ఎక్కడికి పంపాలో ప్రతి బడికీ ఒక కాగితం ఉండాలి. అందులో బడిలో బాధ్యులైన ఇద్దరి పేర్లు, దగ్గరి పీహెచ్‌సీ, మానసిక వైద్యులున్న ఆసుపత్రి, 24 గంటలూ తెలుగులోనూ పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ 14416 రాయాలి. పిల్లలు అన్నమాటల్ని ఉన్నదున్నట్టు తేదీతో రాసి హెచ్ఎం బీరువాలో పెట్టాలి. ‘డిప్రెషన్’ అని రోగం పేరు రాయడం మన పని కాదు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టారంటే ఆ పిల్ల మళ్లీ ఎవరికీ ఏమీ చెప్పదు. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్లీ పలకరించాలి. ఎక్కువగా జారిపోయేది ఈ మెట్టే.

ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరేసి ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించే ఏర్పాటు 2020 నుంచీ ఉంది. కొత్త పదవులు అక్కర్లేదు, ఆ ఇద్దరినే బాధ్యులను చేయవచ్చు. శిక్షణ మొదటి విడత జూన్‌లో బడులు తెరిచిన వెంటనే, రెండోది దసరా సెలవులయ్యాక పెడితే మేలు. ఇంటినుంచి తిరిగొచ్చిన హాస్టల్ పిల్లలకు అవి గడ్డురోజులు. ఇక శిక్షణ రోజుకు వంట అక్కలకూ ఆయాలకూ వేతనం కట్టివ్వాలి. ఆదివారం ఊరికే రమ్మంటే వాళ్లెందుకు వస్తారు?

– ఒక పాఠశాల కౌన్సెలర్, విశాఖపట్నం