నూనె చుక్కల గురించి రఘుకు ఉత్తరం

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఈపాటికి నన్ను నాలుగు సార్లు తిట్టుకునే ఉంటావు. కానీ నువ్వు అడిగింది ఒక్క ముక్కలో తేలే ప్రశ్నా? "పొద్దస్తమానం కొవ్వు, కొవ్వు అంటావు, అసలు అందులో ఏముందయ్యా? నూనె వస్తువులు మానేస్తే షుగరూ రాదు, క్యాన్సరూ రాదు, అంతే కదా!" అని రాశావు. ఆ "అంతే కదా" దగ్గర నాకు ఒళ్లు మండింది. అది చాలనట్టు, ఉత్తరం చివర ఎండావానల గురించి రాసినంత తేలిగ్గా, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని వచ్చిందని ఒక వాక్యం పడేశావు. అది ముందు రాయాల్సిన మాట కదయ్యా! సరే, ఇవాళ తీరిక చేసుకుని కూర్చున్నాను. ఉత్తరం పొడుగైతే తప్పు నీదే.

ముందు నా గోడు విను. కిందటి నెలంతా ఒక ప్రయోగం నన్ను కాల్చుకు తిన్నది. క్యాన్సర్ కణాల్లో చాలా రకాలు తమకు కావలసిన కొవ్వును తామే తయారు చేసుకుంటాయి. ఆ పని చేసే ఎంజైము పేరు ఫ్యాటీ యాసిడ్ సింథేజ్, మేము పొట్టిగా ఫాసన్ అంటాం. దాన్ని ఆపేసే మందు వేసి కణాలు ఏమవుతాయో చూడాలి. వేశాను. కణాలకు చీమ కుట్టినట్టయినా లేదు. మోతాదు పెంచాను. పళ్లెం నిండా ఇంకా హాయిగా పరుచుకున్నాయి. మందు పాడైందేమో అనుకుని కొత్త సీసా తెప్పించాను. అదీ అంతే. చివరికి మా సీనియర్ ఒకావిడ అటుగా వెళ్తూ నా మైక్రోస్కోపులోకి ఒకసారి తొంగి చూసి, "సీరంలో ఏముందో ఆలోచించావా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

కణాలను పెంచే ద్రవంలో పదో వంతు సీరం కలుపుతాం, దూడ పిండం రక్తం నుంచి తీసినది. రక్తం అన్నాక అందులో కొవ్వు ఉండదా! నేను వంటింట్లో పొయ్యి ఆర్పి, ఇక వీళ్లు పస్తులే అనుకున్నాను. వాళ్లేమో వీధి గుమ్మంలోంచి కావలసినవన్నీ తెప్పించుకుని భోంచేశారు. కొవ్వు తీసేసిన సీరంతో మళ్లీ మొదలుపెట్టాను. అవే కణాలు, అదే మందు. నాలుగో రోజుకు పళ్లెంలో సగం మేర ఖాళీ. మిగిలినవి ముడుచుకుపోయి, అంచులు వదిలేసి తేలుతున్నాయి. ఆనందపడాలో, పోయిన నెలకు ఏడవాలో తెలియలేదు.

ఈ రంగంలో నాకంటే ఎంతో పెద్దవాళ్లే కొవ్వు సంగతే మరిచిపోయి దెబ్బతిన్నారు కాబట్టి కొంచెం ఊరట. క్యాన్సర్ కణం గ్లూకోజును ఆబగా లాక్కుంటుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బుర్గ్ 1920లలోనే చెప్పాడు. అప్పటి నుంచి అందరి కళ్లూ చక్కెర మీదే. 1953లో గ్రేస్ మెడెస్, సిడ్నీ వైన్‌హౌస్, వాళ్ల సహచరులు జాడ తెలిసేలా గుర్తు పెట్టిన కార్బన్‌తో పని చేసి, కణితి ముక్కలు కొవ్వుకు ఇటుకల్లాంటి కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకుంటాయని చూపించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1994లో జాన్స్ హాప్కిన్స్‌లో ఫ్రాన్సిస్ కుహాజ్డా బృందం, ముదిరే తీరున్న రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపిస్తున్న ఒక ప్రొటీను ఏమిటా అని ఆరా తీస్తే అది మన ఫాసనే అని తేలింది. నలభై ఏళ్లు గూట్లో పడి ఉన్న సంగతి అప్పటికి గాని నడివీధిలోకి రాలేదు.

ఇంతకీ క్యాన్సర్ కణానికి కొవ్వెందుకు? నీకు కొవ్వు అంటే నడుం చుట్టూ ఉండేదే గుర్తొస్తుంది. కణానికి అది ఇంటి గోడ. ఒక కణం రెండు కావాలంటే గోడలూ రెండింతలు కావాలి, లోపలి అర గోడలతో సహా. ఫాసన్ ఆ ఇటుకలు పోసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. రెండు కార్బన్ల ముక్కతో మొదలుపెట్టి, ఏడు విడతల్లో మరో రెండేసి అతికిస్తూ 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం చేస్తుంది. ఇలాంటి తయారీలకు కణం ఖర్చు పెట్టే ఎన్ఏడీపీహెచ్ అనే అణువులు, ఒక్కో పామిటిక్ ఆమ్లానికి 14 కావాలి. ఇంత ఖరీదైన పని ఊరికే ఎవరూ చేయరు.

ఆ వీధి గుమ్మం సంగతికి మళ్లీ వస్తాను. 2011లో చికాగోలో ఎర్నెస్ట్ లెంగ్యెల్ బృందం అండాశయ క్యాన్సర్ మీద చేసిన పని నాకు చాలా ఇష్టం. పేగుల ముందు కొవ్వుతో నిండిన ఒక తెర వేలాడుతుంటుంది. అండాశయ క్యాన్సర్ కణాలు ఎక్కువగా అక్కడే వచ్చి వాలతాయి. ఎందుకని చూస్తే, అక్కడి కొవ్వు కణాలు తమ నిల్వను కరిగించి నేరుగా వీటి నోట్లో పోస్తున్నాయి! ఇక 2017లో బార్సిలోనా నుంచి వచ్చిన పని చదివితే నువ్వు ఎగిరి గంతేస్తావు. నోటి క్యాన్సర్ కణాల్లో కొన్నింటి మీద సీడీ36 అనే ప్రొటీను దండిగా ఉంటుంది. కొవ్వు ఆమ్లాలను లోపలికి లాక్కునేది అదే. వేరే చోట్లకు పాకే గుంపు ఇదేనని తేలింది. కొవ్వు ఎక్కువగా పెట్టిన ఎలుకల్లో ఆ వ్యాప్తి పెరిగింది, సీడీ36ను యాంటీబాడీతో మూసేస్తే తగ్గింది. "చూశావా, నేను చెప్పలే!" అంటావు. ఆగు.

నీ వాదానికి అడ్డుపడే జబ్బొకటి ఉంది, లిపోడిస్ట్రఫీ అంటారు. కొందరికి పుట్టుకతోనే చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. నీ లెక్క ప్రకారం వాళ్లు పరమ ఆరోగ్యవంతులు కావాలి. కానీ వాళ్లలో షుగరు తీవ్రంగా వస్తుంది, కాలేయం కొవ్వుతో నిండిపోతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఆకాశాన్నంటుతాయి. గాదె లేని ఇంట్లో పంట ఎక్కడ పోస్తారు? వసారాలో, పడకగదిలో, చివరికి పొయ్యి పక్కన. కాలేయం, కండరం ఆ పడకగదులే. చర్మం కింద కొవ్వు కణాలు దాచుకున్నంత కాలం గొడవ లేదు. ఆ గాదె నిండి పొర్లినా, అసలు లేకపోయినా ఒకటే అవస్థ. నేను ఈ రంగంలోకి వచ్చిందే ఈ ఒక్క విషయం చదివి.

మరో చిక్కు ఏమిటంటే, నూనె మానేసినంత మాత్రాన నీ కాలేయం ఊరుకోదు. చక్కెర, పిండి పదార్థాలు మిగిలితే వాటినే కొవ్వుగా మార్చేస్తుంది, ఆ చేతులు ఫాసన్‌వే. మామూలుగా ఇన్సులిన్ కాలేయానికి రెండు ఆజ్ఞలు ఇస్తుంది: గ్లూకోజు తయారీ ఆపు, కొవ్వు తయారీ సాగించు. టైప్ 2 షుగరులో కాలేయం మొదటి ఆజ్ఞ వినదు, రెండోది మాత్రం బుద్ధిగా వింటుంది. ఇష్టమైన మాటే వినే పిల్లాడిలా. దాంతో రక్తంలో చక్కెరా పెరుగుతుంది, కాలేయంలో కొవ్వూ పెరుగుతుంది. ఈ వింతను 2008లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఎత్తి చూపించారు. కొలెస్టరాల్ మీద పనికి 1985లో నోబెల్ అందుకున్న జంట వాళ్లే.

అంటే రొమ్ము క్యాన్సర్ కణంలోనూ, నీ కాలేయంలోనూ పని చేస్తున్నది ఒకే ఎంజైము. ఫాసన్‌ను ఆపే డెనిఫాన్‌స్టాట్ అనే మందును క్యాన్సర్ రోగుల్లోనూ, ఫ్యాటీ లివర్ ముదిరిన వాళ్లలోనూ పరీక్షించారు. ఒకే తాళంచెవి రెండు ఇళ్లకూ. నాకు మాత్రం ఇందులో సంతోషంతో పాటు గుబులూ ఉంది. 2017లో వచ్చిన ఒక పరిశోధన చెబుతాను. ఫాసన్‌కు ఒక మెట్టు ముందుండే ఏసీసీ అనే ఎంజైమును మనుషుల కాలేయంలో ఆపి చూశారు. కాలేయంలో కొవ్వు 36 శాతం తగ్గింది. భేష్ అనుకునే లోపు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 200 శాతం పెరిగాయి! తయారీ ఆగేసరికి కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలు కొరవడ్డాయి. ఆ కొరత చూసి కాలేయం కంగారుపడి, మరో దారిలో కొవ్వును రక్తంలోకి నెట్టింది. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బింది. నా పళ్లెంలో జరిగిందీ దాదాపు ఇలాంటిదే కదా.

మందు పని చేసిందని సంబరపడ్డప్పుడూ అనుమానించాలి. ఎటోమోక్సిర్ అని కొవ్వును కాల్చే దారిని మూసే మందు ఉంది. అది వేస్తే క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గుతోందని ఎన్నో పత్రాలు వచ్చాయి. 2018లో ఒక బృందం జాగ్రత్తగా చూస్తే, 10 మైక్రోమోలార్ (ద్రవంలో మందు గాఢత కొలత) మోతాదుకే కొవ్వు కాల్చడం 90 శాతం ఆగిపోతోంది, కణాలు మాత్రం మామూలుగానే పెరుగుతున్నాయి. పెరుగుదల తగ్గింది 200 మైక్రోమోలార్ వేసినప్పుడు. ఆ మోతాదులో అది కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సంబంధం లేని మరో యంత్రాన్ని కూడా చెడగొడుతోంది. ఎన్ని ఏళ్ల పత్రాలు మళ్లీ చదువుకోవాల్సి వచ్చిందో ఊహించుకో.

నీకు ఒక్కసారి నా మైక్రోస్కోపులో చూపించాలని ఉంది. కణాలకు ఒక మెరిసే రంగు వేసి, దీపాలార్పి చూస్తే నల్లటి చీకట్లో పచ్చటి చుక్కలు, ఒక్కో కణంలో పదులకొద్దీ. ఒక్కో చుక్క ఒక నూనె బొట్టు. చుట్టూ ఒంటి పొర, దాని మీద కాపలా ప్రొటీన్లు. విడిగా తిరిగితే తనను దెబ్బతీసే కొవ్వు ఆమ్లాలను కణం ఇందులో కట్టి పెడుతుంది. మూత్రపిండాల్లో వచ్చే ఒక క్యాన్సర్‌కు "క్లియర్ సెల్" అని పేరు, కణాలు ఖాళీగా, తెల్లగా కనిపిస్తాయి కాబట్టి. నిజానికి అవి ఖాళీవి కావు, నూనెతోనూ గ్లైకోజెన్‌తోనూ కిక్కిరిసి ఉంటాయి. స్లైడు తయారు చేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీను అనే ద్రవం ఆ నూనెను కడిగేస్తాయి. అందులో ఉన్న ముఖ్యమైన వస్తువును మనమే కడిగేసి, ఖాళీ అని పేరు పెట్టాం. నేనూ మొదటి ఏడాది అలాగే ఆల్కహాలుతో గట్టిగా కడిగి, చుక్కలేవీ లేవని నోట్సులో పెద్ద అక్షరాలతో రాశానులే. ఆ పుట ఇప్పటికీ చింపలేదు.

ఇక నీ స్కానింగు. బరువు ఎక్కువైతే క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది నిజమే. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 13 రకాల క్యాన్సర్లకు ఆ సంబంధం ఉందని తేల్చింది, కాలేయ క్యాన్సర్ అందులో ఒకటి. అలాగని కంగారు పడకు, ఫ్యాటీ లివర్ చాలామందికి ఉంటుంది. బరువులో ఐదు శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. నూనె ఒక్కటే మానేసి, తీపి పానీయాలు తాగుతూ కూర్చుంటే మాత్రం ఏమీ లాభం లేదు, ఎందుకో పైన రాశాను. మీ డాక్టరును ట్రైగ్లిజరైడ్లు, షుగరు, కాలేయంలో మచ్చ కట్టడం మొదలైందా లేదా అడుగు. ఆ కాగితాలన్నీ నాకు పంపు. ఈసారి ఉత్తరం చివర కాకుండా మొదట్లోనే రాయి.

రేపు పొద్దున్నే కొత్త పళ్లెం తీయాలి. ఈసారి ఫాసన్‌నూ ఆపాను, సీడీ36నూ మూశాను. సీరంలో కొవ్వూ లేదు. వీళ్లు ఇంకే గుమ్మం వెతుక్కుంటారో చూడాలి.

నీ
శేఖర్